డెస్క్‌టాప్ మీదే ఉంది... అంటే ఎక్కడ?

రేపు పదింటికల్లా ప్రాజెక్ట్ రిపోర్ట్ ఇచ్చేయాలి. ల్యాప్‌టాప్ తెరవగానే డెస్క్‌టాప్ మీద ‘ఫైనల్ రిపోర్ట్’ కనిపిస్తూనే ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టారు, కాపీ చేశారు, పేస్ట్ కొట్టారు. రెప్పపాటులో అయిపోయింది. హాయిగా జిరాక్స్ షాపుకి వెళ్లారు. షాపాయన పెన్‌డ్రైవ్ పెట్టి రెండుసార్లు క్లిక్ చేసి, ‘‘ఇందులో రిపోర్ట్ లేదండీ, ఒట్టి షార్ట్‌కట్టే ఉంది’’ అన్నాడు. ‘‘అదేంటి, ఇదిగో పేరు కనిపిస్తోందిగా!’’ అని మీరు. ‘‘పేరే ఉందండీ’’ అని ఆయన. వెనకాల క్యూ పెరుగుతోంది.

కాలేజీ ల్యాబుల్లో, నెట్ సెంటర్లలో, కొత్తగా ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఇలాంటివి మామూలే. తెలివితేటలకీ దీనికీ సంబంధం లేదు. చేతిలో ఫోన్‌తో పెరిగిన వాళ్లకి కంప్యూటర్ లెక్క ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అంతే. ఆ లెక్క చాలా చిన్నది. కంప్యూటర్‌లో ప్రతి ఫైల్‌కీ ఒక అడ్రస్ ఉంటుంది. తెర మీద కనిపించే బొమ్మ వేరు, ఆ ఫైల్ ఉన్న చోటు వేరు. చోటు తెలిస్తే ఫైల్ మీ చేతిలో ఉన్నట్టు. బొమ్మ మాత్రమే తెలిస్తే ఏదో ఒక రోజు షాపులో నిలబడాల్సిందే. మన దగ్గర ఎక్కువమంది వాడేది విండోస్ కాబట్టి ఈ వారం దాన్నే పట్టుకుని చూద్దాం.

ఫోన్ నేర్పిన అలవాటు

మీ ఫోన్ హోమ్ స్క్రీన్ మీద ఒక యాప్ ఐకాన్ ఉంది. దాన్ని నొక్కి పట్టుకుని ‘రిమూవ్’ అన్నారు. ఆండ్రాయిడ్‌లో యాప్ పోతుందా? పోదు. యాప్స్ లిస్టులో భద్రంగా ఉంటుంది. హోమ్ స్క్రీన్ మీదున్నది దాని బొమ్మ మాత్రమే.

గూగుల్ ఫొటోస్ చూడండి. ఒకే ఫొటోని ‘గోవా ట్రిప్’ ఆల్బమ్‌లోనూ పెట్టొచ్చు, ‘బెస్ట్ ఫ్రెండ్స్’ ఆల్బమ్‌లోనూ పెట్టొచ్చు. రెండు చోట్లా కనిపిస్తుంది, కానీ ఫొటో ఒక్కటే. ఆల్బమ్ అంటే అక్కడ ఒక లేబుల్. ఒక మనిషి క్రికెట్ వాట్సాప్ గ్రూపులోనూ, అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ ఉన్నట్టు.

కంప్యూటర్ ఫోల్డర్ అలా కాదు. ఒక ఫైల్ మామూలుగా ఒక ఫోల్డర్‌లోనే ఉంటుంది. ఇంకో ఫోల్డర్‌లోకి లాగితే ఇక్కడ ఉండదు. రెండు చోట్లా కావాలంటే కాపీ తీయాలి. అప్పుడు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఒకదాంట్లో మీరు చేసిన కరెక్షన్ రెండోదానికి తెలియదు.

నిజానికి ఫోన్‌లోనూ ఫోల్డర్లు ఉన్నాయి. ‘ఫైల్స్’ యాప్ తెరిచి ఇంటర్నల్ స్టోరేజ్‌లోకి వెళ్తే డౌన్‌లోడ్, పిక్చర్స్, డీసీఐఎమ్ అని వరుసగా కనిపిస్తాయి. కెమెరాతో తీసిన ఫొటోలు ఉండేది ఆ డీసీఐఎమ్‌లోనే. కాకపోతే యాప్‌లు వాటిని మన కంటపడనివ్వవు. ఐఫోన్‌లో అయితే 2017లో ఐఓఎస్ 11 వచ్చేదాకా ‘ఫైల్స్’ యాపే లేదు.

ఈ తికమక మన దేశానికే పరిమితం కాదు. 2021లో అమెరికా టెక్ పత్రిక ‘ది వర్జ్’ దీని మీద పెద్ద కథనమే వేసింది. కేథరిన్ గార్లండ్ అనే ఆస్ట్రోఫిజిక్స్ అధ్యాపకురాలు 2017లో ఇంజినీరింగ్ విద్యార్థులకి ఒక కోర్సు చెబుతుంటే, ఒకరి తర్వాత ఒకరు తమ ప్రోగ్రామ్‌కి ఫైల్ దొరకడం లేదని వచ్చారట. ఫైల్ ఎక్కడ సేవ్ చేశారని అడిగితే ఆ ప్రశ్నే వాళ్లకి అర్థం కాలేదు. జెట్ ఇంజిన్ టర్బైన్ల మీద పనిచేస్తున్న పిల్లలు వాళ్లు! సెర్చ్‌లో పేరు కొడితే ఏదైనా వచ్చేస్తుందన్న అలవాటు అలాంటిది.

ఈ బల్ల వేసింది జిరాక్స్ వాళ్లే

డెస్క్‌టాప్ అంటే బల్ల పైభాగం. కంప్యూటర్ తెరకి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియాలంటే మళ్లీ జిరాక్స్ షాపు బోర్డు చూడాలి. మనం ఫొటోకాపీకి పర్యాయపదంగా వాడేసే జిరాక్స్ ఒక అమెరికన్ కంపెనీ పేరు. కాలిఫోర్నియాలో వాళ్లకి పార్క్ అనే పరిశోధన కేంద్రం ఉండేది. 1981లో ఆ కంపెనీ ‘స్టార్’ అనే కంప్యూటర్‌ని మార్కెట్లోకి తెచ్చింది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు కమాండ్లు బట్టీ పట్టలేరు కాబట్టి, వాళ్ల ముందున్న బల్లనే తెర మీదకి తెచ్చారు. కాగితాల బొమ్మలు, కాగితాలు పెట్టుకునే ఫోల్డర్ల బొమ్మలు, ఉత్తరాలు వచ్చే ట్రే, వెళ్లే ట్రే... అన్నీ. ధర సుమారు 16 వేల డాలర్లు. అంత పెట్టి కొన్నవాళ్లు తక్కువే.

అంతకుముందే, 1979 డిసెంబర్లో, స్టీవ్ జాబ్స్ పార్క్‌కి వెళ్లి అక్కడి పని చూసొచ్చాడు. 1983లో యాపిల్ ‘లీసా’, 1984 జనవరిలో ‘మాకింటాష్’ వచ్చాయి. బల్ల, ఫోల్డర్లు, చెత్తబుట్ట జనానికి అలవాటైంది అక్కడి నుంచే.

ఇక్కడో తమాషా ఉంది. ఆ మొదటి మాకింటాష్‌లో ఫోల్డర్లు ఉత్త బొమ్మలే. తెర మీద ఫోల్డర్‌లో పెట్టినట్టు కనిపించేది కానీ, డిస్కు లోపల ఫైళ్లన్నీ ఒకే కుప్పగా ఉండేవి. ఒక ప్రోగ్రామ్ లోంచి ఫైల్ తెరవబోతే ఫోల్డర్లు మాయమై, పొడవాటి లిస్టు ఒకటే కనిపించేది. వేర్వేరు ఫోల్డర్లలో కూడా ఒకే పేరుతో రెండు ఫైళ్లు పెట్టడం కుదిరేది కాదు. 1985లో కొత్త ఫైల్ సిస్టమ్ వచ్చాకే ఆ ఫోల్డర్లు నిజమైన ఫోల్డర్లయ్యాయి. అంటే బొమ్మ వేరు, చోటు వేరు అన్నమాట అప్పటి నుంచే ఉంది.

విండోస్ విషయానికొస్తే, 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95తో డెస్క్‌టాప్ ఈ రూపానికి వచ్చింది. అంతకుముందు 3.1లో ఆ ఖాళీ జాగాలో కనిపించేవి మినిమైజ్ చేసిన ప్రోగ్రామ్‌ల ఐకాన్లు మాత్రమే. ఫైళ్లు పెట్టుకునే వీలుండేది కాదు.

డెస్క్‌టాప్ కూడా ఒక ఫోల్డరే

ఇప్పుడు అసలు ముక్క. డెస్క్‌టాప్ అంటే తెర కాదు. అది కూడా మిగతా వాటిలాంటి ఒక ఫోల్డరే. దాని అడ్రస్ సాధారణంగా ఇలా ఉంటుంది: సి డ్రైవ్, అందులో యూజర్స్, అందులో మీ పేరు, అందులో డెస్క్‌టాప్. నమ్మకం లేకపోతే విండోస్ కీతో పాటు ఈ నొక్కండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది. ఆ దారిలోనే లోపలికి వెళ్లండి. మీరు వాల్‌పేపర్ మీద రోజూ చూసే ఫైళ్లు అక్కడ బుద్ధిగా లిస్టులో కూర్చుని ఉంటాయి. అక్కడ ఒకటి తీసేస్తే వాల్‌పేపర్ మీద నుంచీ పోతుంది. రెండూ ఒకటే కాబట్టి.

ఫోన్ హోమ్ స్క్రీన్‌తో తేడా ఇదే. డెస్క్‌టాప్ మీద మీరు సేవ్ చేసుకున్న వర్డ్ ఫైల్ అసలు ఫైలే. దాన్ని డిలీట్ చేస్తే నిజంగానే డిలీట్ అవుతుంది.

ఈ ఒక్క సంగతితో చాలా చిక్కుముళ్లు విడిపోతాయి.

ఇంట్లో ఒకే కంప్యూటర్ ఉంది. అక్కకి ఒక అకౌంట్, మీకు ఒకటి. అక్క అకౌంట్‌తో లాగిన్ అయితే మీ ఫైళ్లు కనిపించవు. పోలేదు. డెస్క్‌టాప్ ఫోల్డర్ మనిషికొకటి ఉంటుంది. మీది మీ పేరు కింద ఉంది.

మరి కొన్ని ఐకాన్లు అందరి డెస్క్‌టాప్ మీదా కనిపిస్తాయెందుకు? ‘పబ్లిక్’ అనే పేరు కింద ఇంకో డెస్క్‌టాప్ ఫోల్డర్ కూడా ఉంది. అందరికీ పనికొచ్చే సాఫ్ట్‌వేర్ తన షార్ట్‌కట్‌ని అక్కడ పెడుతుంది. విండోస్ మీ ఫోల్డర్‌నీ దాన్నీ కలిపి ఒకే తెర మీద చూపిస్తుంది. అలాంటి ఐకాన్ తీసేయబోతే ‘అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్ కావాలి’ అని అడ్డుపడేది అందుకే. అది మీ ఒక్కరి సొత్తు కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది. కంప్యూటర్ మొరాయిస్తే రిపేర్ షాపుకి తీసుకెళ్తాం. ‘‘విండోస్ మళ్లీ ఎక్కించాలి, సి డ్రైవ్ ఫార్మాట్ చేస్తా. డేటా ఏమైనా ఉందా?’’ అని అడుగుతారు. ‘‘సి డ్రైవ్‌లో నేనేం పెట్టలేదన్నా, ఉన్నవన్నీ డెస్క్‌టాప్ మీదే’’ అంటాం. డెస్క్‌టాప్ ఉన్నదే సి డ్రైవ్‌లో! డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ కూడా మామూలుగా అక్కడే. డిగ్రీ మార్కుల మెమో స్కాన్లు, అమ్మానాన్నల పాత ఫొటోలు ఒక్క ‘సరే’తో పోయే ప్రమాదం ఇక్కడ ఉంది. ఫార్మాట్ అన్న మాట వినగానే యూజర్స్‌లో మీ పేరున్న ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయించండి. ఆ తర్వాతే సరే అనండి.

లోపల ఉండేది డబ్బా కాదు, రిజిస్టర్

ఫోల్డర్ అనగానే పసుపు రంగు డబ్బాలో కాగితాలు పడి ఉన్నట్టు ఊహిస్తాం. డిస్కు లోపల అలాంటిదేం లేదు. గుడి దగ్గర సామాన్లు భద్రపరిచే కౌంటర్‌ని గుర్తు తెచ్చుకోండి. మీ బ్యాగు లోపల ఏదో అరలోకి వెళ్తుంది. కౌంటర్లో ఉన్నాయన రిజిస్టర్‌లో మీ పేరు, అర నంబరు రాసుకుంటాడు. ఫోల్డర్ అంటే ఆ రిజిస్టర్‌లో ఒక పేజీ లాంటిది. ఏ పేరుతో ఏ ఫైల్ ఉంది, దాని వివరం ఎక్కడ చూడాలి అన్నది అందులో ఉంటుంది. అసలు ఫైల్ డిస్కులో ముక్కలు ముక్కలుగా వేర్వేరు అరల్లో ఉండొచ్చు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఒక్కో అర సాధారణంగా 4 కేబీ. డ్రైవ్ మొత్తానికీ ఒక పెద్ద రిజిస్టర్ ఉంటుంది. దాన్ని మాస్టర్ ఫైల్ టేబుల్ అంటారు. ప్రతి ఫైల్‌కీ, ప్రతి ఫోల్డర్‌కీ అందులో ఒక నమోదు ఉంటుంది. ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్, అందులో ఇంకొకటి అంటే ఒక పేజీలో ‘మిగతాది ఫలానా పేజీలో చూడుము’ అని రాసుకోవడమే.

ఇది తెలిస్తే మీరు రోజూ చూసే వింతలకి సమాధానాలు దొరుకుతాయి.

డెస్క్‌టాప్ మీదున్న 5 జీబీ సినిమాని అదే డ్రైవ్‌లో ఇంకో ఫోల్డర్‌లోకి లాగండి. చిటికెలో అయిపోతుంది. సినిమా అంగుళం కూడా కదల్లేదు మరి. ఒక పేజీలో పేరు కొట్టేసి ఇంకో పేజీలో రాశారు, అంతే. అదే సినిమాని పెన్‌డ్రైవ్‌లోకి లాగితే నిమిషాలు పడుతుంది. అది వేరే ఊరి కౌంటర్. అక్కడి రిజిస్టర్ వేరు, అరలు వేరు. సామాను మొత్తం మోయాల్సిందే.

అందుకే మౌస్‌తో లాగడంలో కూడా తేడా ఉంది. అదే డ్రైవ్‌లో లాగితే ఫైల్ ‘మూవ్’ అవుతుంది, పాత చోట ఉండదు. వేరే డ్రైవ్‌లోకి లాగితే ‘కాపీ’ అవుతుంది, రెండు చోట్లా ఉంటుంది. మీకు ఏది కావాలో మీరే చెప్పాలనుకుంటే, లాగేటప్పుడు కంట్రోల్ నొక్కి ఉంచితే కాపీ, షిఫ్ట్ నొక్కి ఉంచితే మూవ్, ఆల్ట్ అయితే షార్ట్‌కట్. చెయ్యి జారి ఒక ఫోల్డర్ పక్కనున్న ఫోల్డర్‌లోకి దూరిపోయిందా? వెతుక్కోకండి. వెంటనే కంట్రోల్ జెడ్ కొట్టండి, వెనక్కి వస్తుంది.

రెండు వేల చిన్న ఫొటోలు కాపీ కావడానికి, అంతే సైజున్న ఒక్క సినిమా కన్నా ఎక్కువ సేపు పడుతుంది కదా. ప్రతి ఫొటోకీ రిజిస్టర్‌లో విడిగా రాసుకోవాలి మరి. బరువు ఒకటే అయినా రాతకోతలు రెండు వేలు.

బాణం గుర్తుంటే జాగ్రత్త

ఇప్పుడు జిరాక్స్ షాపు సంగతి తేలిపోయింది కదా. ఐకాన్ కింద ఎడమ మూలలో చిన్న బాణం ఉంటే అది షార్ట్‌కట్. అసలు ఫైల్ ఎక్కడుందో రాసిపెట్టుకున్న చీటీ లాంటిది. సైజు చూస్తే ఒకటి రెండు కేబీలు ఉంటుంది. మీరు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లింది ఆ చీటీని. మీ ఇంటి ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫలానా ఫోల్డర్ అడ్రస్ చూపిస్తే షాపు కంప్యూటర్ ఏం చేస్తుంది పాపం?

గుర్తుపట్టడం తేలిక. బాణం ఉందా, సైజు మరీ చిన్నగా ఉందా చూడండి. ఉంటే దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కండి. నేరుగా అసలు ఫైల్ దగ్గరికి తీసుకెళ్తుంది. కాపీ చేయాల్సింది దాన్ని.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. షార్ట్‌కట్ డిలీట్ చేస్తే అసలుకేం కాదు, చీటీ చిరిగింది అంతే. గేమ్ ఐకాన్ తీసేసి ‘గేమ్ తీసేశా, అయినా జాగా రాలేదేంటి’ అనుకునేవాళ్లు ఉంటారు. గేమ్ ఎక్కడికీ పోలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ చేస్తేనే జాగా వస్తుంది.

డిలీట్ చేస్తే ఎక్కడికి పోతుంది?

డిలీట్ నొక్కగానే ఫైల్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుంది. అది కూడా ప్రతి డ్రైవ్‌లోనూ దాచిపెట్టిన ఒక ఫోల్డరే. ఫైల్‌కి లోపల కొత్త పేరు పెట్టి, ‘ఇది అసలు ఫలానా చోటిది, ఫలానా రోజు డిలీట్ అయింది’ అని పక్కనే ఒక చీటీ రాసిపెడుతుంది విండోస్. మీరు ‘రిస్టోర్’ అనగానే ఆ చీటీ చూసి పాత చోటికే పంపిస్తుంది. బిన్‌లో ఉన్నంత కాలం డిస్కులో జాగా ఖాళీ కాదు.

రెండు చోట్ల ఈ రక్షణ ఉండదు. ఒకటి, షిఫ్ట్ నొక్కి డిలీట్ చేస్తే బిన్‌కి వెళ్లకుండానే పోతుంది. రెండు, పెన్‌డ్రైవ్‌లో ఫైల్ డిలీట్ చేస్తే సాధారణంగా బిన్‌కి రాదు, నేరుగా పోతుంది. ఆ ‘పర్మనెంట్‌గా డిలీట్ చేయనా?’ అన్న ప్రశ్నని చదవకుండా ఎంటర్ కొట్టకండి.

ఒకవేళ పోయిందే అనుకుందాం. రిజిస్టర్‌లో ‘ఈ అరలు ఖాళీ’ అని రాశారు కానీ, సామాను వెంటనే బయట పడేయలేదు. కొత్త ఫైల్ వచ్చి ఆ అరల్లో కూర్చునేదాకా పాతది రికవరీ సాఫ్ట్‌వేర్‌తో దొరికే అవకాశం ఉంది. అందుకే ముఖ్యమైన ఫైల్ పోయిందని తెలిసిన క్షణంలోనే ఆ డ్రైవ్ వాడటం ఆపేయాలి. సినిమాలు డౌన్‌లోడ్ చేస్తూ కూర్చోకూడదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎస్‌ఎస్‌డీలు మాత్రం ఖాళీ అనగానే అరలు తుడిచే పనిలో పడతాయి. వాటిలో దొరికే ఆశ బాగా తక్కువ.

మబ్బు గుర్తు సంగతి

కొత్త ల్యాప్‌టాప్ కొని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలాసార్లు వన్‌డ్రైవ్ బ్యాకప్ కూడా ఆన్ అవుతుంది. అప్పుడు మీ డెస్క్‌టాప్ అడ్రస్ మారుతుంది. మీ పేరు కింద వన్‌డ్రైవ్ అనే ఫోల్డర్, దాని లోపల డెస్క్‌టాప్. అక్కడ పెట్టినవన్నీ ఇంటర్నెట్‌లోకి కూడా వెళ్తాయి. ల్యాప్‌టాప్ పోయినా ఫైళ్లు మిగులుతాయి కాబట్టి మంచిదే. కానీ మూడు విషయాలు తెలియాలి.

ఫైల్ పక్కన నీలం మబ్బు గుర్తు ఉంటే అది ఇంటర్నెట్‌లో మాత్రమే ఉందని అర్థం. నెట్ లేనిచోట తెరుచుకోదు. సెమినార్ హాల్లో వైఫై లేక పీపీటీ ఓపెన్ కాకపోతే పరువు పోతుంది. ముందురోజే రైట్ క్లిక్ చేసి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైజ్’ పెట్టుకోండి. ఆకుపచ్చ టిక్ వస్తే నిశ్చింత.

రెండోది, ఫోన్‌లోని వన్‌డ్రైవ్ యాప్‌లో ‘ఇక్కడెందుకులే’ అని డిలీట్ చేస్తే ల్యాప్‌టాప్‌లోనూ పోతుంది. రెండూ ఒకే ఫోల్డర్‌కి రెండు కిటికీలు. పర్సనల్ అకౌంట్ అయితే వన్‌డ్రైవ్ సొంత రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటుంది. ఆలోపు తెచ్చుకోవచ్చు.

మూడోది, ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. నిండాక కొత్తవి పైకి వెళ్లవు. బ్యాకప్ అవుతోందనుకుని ధీమాగా ఉంటాం, అవదు. బ్యాకప్ ఆపేశాక డెస్క్‌టాప్ ఒక్కసారిగా ఖాళీగా కనిపించినా కంగారుపడకండి. ముందు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఉన్న డెస్క్‌టాప్‌లో చూడండి.

ఫోల్డర్ వేషం వేసిన ఫైల్

లెక్చరర్ పంపిన జిప్ ఫైల్‌ని రెండుసార్లు క్లిక్ చేస్తే ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. లోపల వర్డ్ ఫైల్ ఉంటుంది. తెరిచి, గంటసేపు టైప్ చేసి, సేవ్ కొట్టి మూసేస్తాం. మళ్లీ జిప్ తెరిస్తే మనం రాసిందేదీ ఉండదు! జిప్ ఫోల్డర్ కాదు, అన్నిటినీ కలిపి మూట కట్టిన ఒకే ఒక ఫైల్. లోపలిది తెరిస్తే విండోస్ దాన్ని ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి తీసి చూపిస్తుంది. మీరు రాసింది అక్కడి కాపీలో. మెయిల్ అటాచ్‌మెంట్‌ని నేరుగా తెరిచి రాసినా ఇదే గండం ఉంటుంది. కాబట్టి జిప్ వస్తే ముందు ‘ఎక్స్‌ట్రాక్ట్ ఆల్’. అటాచ్‌మెంట్ వస్తే ముందు ‘సేవ్ యాజ్’. పని ఆ తర్వాతే.

కాన్ దెయ్యం

‘కాన్ అనే పేరుతో ఎవరూ ఫోల్డర్ చేయలేరు, దీని రహస్యం మైక్రోసాఫ్ట్‌కి కూడా తెలియదు’ అనే ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. చేయలేకపోవడం మామూలుగా అయితే నిజమే. రహస్యం మాత్రం ఏం లేదు. డాస్ కాలంలో కీబోర్డు, తెర, ప్రింటర్ లాంటి వాటికి కొన్ని పేర్లు రిజర్వ్ చేశారు. ఇంగ్లిష్‌లో కాన్ అంటే కన్సోల్, పీఆర్‌ఎన్ అంటే ప్రింటర్. పాత ప్రోగ్రామ్‌లు ఆగిపోకూడదని విండోస్ ఆ పేర్లని అలాగే మోసుకొస్తోంది. అదే పేరు తెలుగు అక్షరాల్లో రాసి చూడండి, నోరెత్తకుండా ఒప్పుకుంటుంది. ఫైళ్లకీ ఫోల్డర్లకీ తెలుగులో పేర్లు భేషుగ్గా పెట్టుకోవచ్చు. ఉద్యోగాల అప్లికేషన్లలో అప్‌లోడ్ చేసే ఫైళ్లకి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు వాడితే తలనొప్పి తక్కువ.

పేర్లలో విండోస్ ఒప్పుకోని గుర్తులు తొమ్మిది ఉన్నాయి: \ / : * ? " < > | ఇవి. అందుకే తేదీని ఏటవాలు గీతతో రాస్తే తిడుతుంది. అడ్డగీత పెట్టి ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాయండి. 2025-03-14 అన్నట్టు. పేరు ప్రకారం పేర్చినా తేదీ వరుసలోనే వస్తాయి. ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ ఫైనల్, నిజంగా ఫైనల్... ఈ గోల తప్పుతుంది.

ఈ వారం ఒక అరగంట

సిస్టమ్ మెల్లగా నడిస్తే డెస్క్‌టాప్ నిండా ఐకాన్లున్నాయని తిడతారు. షార్ట్‌కట్లు బరువేం కాదు. సినిమాలూ వీడియోలూ డెస్క్‌టాప్ మీద పోగేసి సి డ్రైవ్ నింపేస్తే మాత్రం విండోస్‌కి ఊపిరాడదు. కాబట్టి డెస్క్‌టాప్‌ని బల్లలాగే వాడండి. ఈ వారం పనిచేస్తున్నవి పైన ఉండనివ్వండి, అయిపోయినవి లోపలికి పంపండి.

డాక్యుమెంట్స్‌లో నాలుగైదు ఫోల్డర్లు చాలు. సర్టిఫికెట్లు, చదువు, ఉద్యోగం, ఇల్లు, ఫొటోలు. ఫోల్డర్‌లో ఫోల్డర్ అంటూ ఏడెనిమిది మెట్లు దిగిపోకండి, మీకే దారి తప్పుతుంది. ‘సేవ్’ కొట్టే ముందు ఆ కిటికీ పైనున్న అడ్రస్ ఒక్క సెకను చదవండి. వర్డ్‌లో ‘రీసెంట్’ లిస్టు ఉంది కదా అని ఊరుకోకండి. అది మీరు మొన్న ఏం తెరిచారో గుర్తుచేసే చిట్టా మాత్రమే.

సర్టిఫికెట్ల ఫోల్డర్‌ని మాత్రం బయటి డ్రైవ్‌లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి కాపీ పెట్టుకోండి. టెన్త్ మెమో నుంచి కులధ్రువీకరణ దాకా అన్నీ ఒకేచోట ఉంటే, అప్లికేషన్ చివరి తేదీ రాత్రి పదకొండున్నరకి సైట్ ‘ఫైల్ ఎంచుకోండి’ అని అడిగినప్పుడు చెయ్యి వణకదు.

ఇది చదివాక ఒక్క పని చేయండి. మీకు అన్నిటికన్నా ముఖ్యమైన ఫైల్ ఏదో ఒకటి అనుకోండి. సెర్చ్ వాడకుండా, రీసెంట్ చూడకుండా, డ్రైవ్ దగ్గర నుంచి ఒక్కో ఫోల్డర్ దాటుకుంటూ దాని దగ్గరికి వెళ్లండి. వెళ్లగలిగితే అది మీ దగ్గర ఉన్నట్టే. వెళ్లలేకపోతే, దాన్ని ఈ రోజే వెతికి పట్టుకుని, మీకు గుర్తుండే చోట పెట్టండి.